ఉప్పు చేతికివ్వని ఇంట్లో తుపాకి పాఠం

శనివారం పొద్దున పెద్ద కుక్కర్ కోసం గరాజ్‌లో వెతుకుతుంటే, మేం వాడటం మానేసిన బియ్యం డబ్బాలో ఒక పుస్తకం దొరికింది. పాత తువ్వాలులో చుట్టి ఉంది. మొగుడు తువ్వాలులో చుట్టి దాచిన వస్తువు దొరికితే నలభై తొమ్మిదేళ్ళ ఆడదాని బుర్రలోకి ఏమేం వస్తాయో అవన్నీ నాకూ వచ్చాయి. విప్పి చూస్తే అట్ట మీద తుపాకి బొమ్మ. ఈ దేశంలో వేటకి వెళ్ళాలనుకునేవాళ్ళు లైసెన్సు అడగడానికి ముందు ఒకరోజు క్లాసులో కూర్చుని పరీక్ష రాయాలి. ఆ పరీక్షకి చదివే పుస్తకం అది. నేను అనుమానపడ్డదే నయమేమో అనిపించింది ఒక్క క్షణం.

పేజీలు తిప్పాను. అంచుల నిండా పెన్సిలుతో తెలుగు. గుండ్రంగా, పెద్ద పెద్దగా, తలకట్లు శ్రద్ధగా పెట్టిన అక్షరాలు. మజిల్ అన్న మాట పక్కన ‘గొట్టం మూతి’. సేఫ్టీ క్యాచ్ పక్కన ‘గొళ్ళెం లాంటిది, కానీ దీన్ని నమ్మకూడదు’. ఒకచోట ‘ఇది పరీక్షలో వచ్చింది, తప్పు పెట్టాను’. ఆ పేజీలోనే మడిచిన కాగితం. మా ఆయన పేరు, కింద మర్యాదైన ఇంగ్లీషులో, ఈసారి ఉత్తీర్ణులు కాలేదు, మళ్ళీ ప్రయత్నించవచ్చు అని. తేదీ చూస్తే ఆరు వారాల కిందటి శనివారం. ఆ రోజు ఓవర్‌టైమ్ ఉందని చెప్పి వెళ్ళాడు. నేను పులిహోర కట్టిచ్చాను.

నాకు ఒళ్ళు మండింది. తుపాకి సంగతి తర్వాత. ఈ మనిషి నాకు తెలియకుండా ఒక పరీక్ష రాసి, ఫెయిలై, ఇంటికొచ్చి, నేను కట్టిన పులిహోర బాగుందని చెప్పి పడుకున్నాడు.

మా ఆయన మేముండే నగరం శివారు ట్రుగనీనాలో ఒక వేర్‌హౌస్‌లో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. నేను కౌన్సిల్ ఆఫీసులో ఫిర్యాదుల విభాగంలో పని చేస్తాను. చెత్తబండి రాలేదని, పక్కింటి చెట్టు మా పెరట్లోకి ఆకులు రాలుస్తోందని జనం రాసే ఉత్తరాలకి జవాబులు రాయడం నా పని. వాదించినందుకు జీతమిచ్చే ఉద్యోగం నాలాంటిదానికి దొరకడం ఈ దేశం చేసిన మేలు. ఆయనది మార్కాపురం అవతల, నల్లమల అంచున ఒక ఊరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆపైన ఐటీఐ. నేను గుంటూరులో ఎం.ఏ. చదివాను. పెళ్ళయిన కొత్తలో ఆయన ఇంగ్లీషులో రాసుకున్న సెలవు చీటీ ఒకటి మా చెల్లెళ్ళకి చదివి వినిపించాను. అందరం పడీపడీ నవ్వాం. ఆయన కూడా నవ్వాడు. ఆ తర్వాత ఆయన ఇంగ్లీషులో రాసిన కాగితం నా కంట పడలేదు. బ్యాంకు ఫారం దగ్గర్నుంచి బడి ఫారం దాకా అన్నీ నన్నే నింపమనేవాడు. అది నా తెలివికి దక్కిన గౌరవమనుకున్నాను, ఇరవై నాలుగేళ్ళూ.

మధ్యాహ్నం భోజనాల దగ్గర పుస్తకం తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టాను. యూనివర్సిటీలో రెండో ఏడాది చదివే మా అమ్మాయి ఫోన్‌లోంచి తల ఎత్తింది.

“ఏంటండీ ఇది?”

ఆయన పుస్తకం వైపు చూశాడు, నా వైపు చూశాడు, పప్పు గిన్నె వైపు చూశాడు. “పుస్తకం.”

“అది నాకూ కనపడుతోంది. బియ్యం డబ్బాలో ఎట్లా మొలిచిందా అని.”

“వెయిట్, నాన్నా. ఆర్ యూ గెటింగ్ ఎ గన్?” అంది అమ్మాయి.

“గన్నూ లేదు, గిన్నూ లేదు. లైసెన్సు,” అన్నాడాయన.

మెల్లగా బయటికొచ్చింది సంగతి. ఆయన పక్కనే పదిహేనేళ్ళు ఫోర్క్‌లిఫ్ట్ నడిపిన తెల్ల పెద్దాయన ఒకరు కిందటేడు రిటైరయ్యాడు. చలికాలం రాగానే కొండల్లోకి జింకల వేటకి వెళ్ళడం ఆ పెద్దాయనకి జీవితమంతా అలవాటు. ఇప్పుడు మోకాలికి ఆపరేషన్ అయింది. ఒంటరిగా వెళ్ళొద్దని ఇంట్లోవాళ్ళు కట్టడి చేశారు. మా ఆయన్ని తోడు రమ్మన్నాడు.

“తోడు వెళ్ళడానికి లైసెన్సు ఎందుకు? కాళ్ళుంటే చాలదూ?”

“కంచె దాటేటప్పుడు తుపాకి ఎవురో ఒకరు పట్టుకోవాల గదా. ఆ మోకాలితో ఒక చేత్తో ఎక్కి దిగలేడు. నేను దాన్ని ముట్టుకోవాలంటే నాకూ లైసెన్సు ఉండాలంట.”

“మరి చంపేది ఎవరు?”

“చంపితే ఆయన చంపుతాడు. నేను చూసొస్తా.” కాస్త ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. “అక్కడ ఉండేది మన కణితే, తెలుసా.”

కణితి అంటే మన అడవుల్లో ఉండే పెద్ద జింక. దాన్ని ఇక్కడివాళ్ళు సాంబర్ అంటారు. ఆ పేరు మీద వేయదగ్గ జోకులన్నీ మనవాళ్ళు బార్బెక్యూల దగ్గర వేసేశారు కాబట్టి నేను వేయను. ఎప్పుడో ఎవరో మన వైపు నుంచి ఓడల్లో తెచ్చి ఈ కొండల్లో వదిలితే ఇక్కడే సంతతి పెరిగిపోయిందట. ఆయన చిన్నప్పుడు వాళ్ళ నాన్న వెంట తెల్లారుతూనే చేనుకి వెళ్తుంటే, అడవి అంచున తడి గడ్డిలో నిలబడి ఉండేదట. మనిషి వాసన తగలగానే ముందు కాలు ఒకటి నేల మీద టపటపా కొట్టి, భోంక్ మని ఒక్క అరుపు అరిచి, అంత పెద్ద ఒళ్ళేసుకుని ఆకు కదలకుండా మాయమయ్యేదట. వారానికి సరిపడా మాటలు ఆ ఒక్క భోజనంలో చెప్పేశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ కణితి సంగతి నేను వినడం అదే మొదలు.

“బాగానే ఉంది. ఇందులో దాచాల్సింది ఏముంది? నాకెందుకు చెప్పలేదు?”

ఆయన అన్నం కలుపుతూనే ఉన్నాడు. పప్పులో ఉప్పు తక్కువైనట్టుంది, ఉప్పు డబ్బా వైపు చూశాడు. నేను డబ్బా తీసి ఆయన కంచం పక్కన బల్ల మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అప్పుడు ఆయన అందుకున్నాడు. మా ఇంట్లో ఉప్పు చేతికివ్వం. ఎండుమిరపకాయలు, సూది, కత్తిపీట, చాకు కూడా అంతే. ఇచ్చేవాళ్ళు కింద పెట్టాలి, పుచ్చుకునేవాళ్ళు కిందనుంచి తీసుకోవాలి. చేతికి చెయ్యి తగిలితే ఇద్దరి మధ్యా గొడవలొస్తాయని మా అమ్మమ్మ చెప్పేది. వాళ్ళింట్లోనూ అదే పద్ధతి. ఇక్కడ పాయింట్ కుక్‌లో ఇల్లు కట్టుకున్నాక మేం మానేసిన ఆచారాలు చాలా ఉన్నాయి గానీ ఇది మాత్రం చేతులకే అంటుకుపోయింది.

ఉప్పు కలుపుకున్నాక అన్నాడు: “నవ్వుతావని.”

అంతే. అందులో నిష్ఠూరం లేదు. మబ్బు పట్టింది కాబట్టి గొడుగు తీసుకెళ్ళానన్నట్టు చెప్పాడు.

అమ్మాయి నా వైపు చూసింది. “హీ ఈజ్ నాట్ రాంగ్, మమ్.”

వాదించడానికి నా దగ్గర ఏమీ లేకపోవడం నాకు అలవాటు లేని పరిస్థితి. అలాంటప్పుడు నేను గొంతు పెంచుతాను. “ఎవరు నవ్వుతారో చూద్దాం. మళ్ళీ పరీక్ష ఎప్పుడు? మూడు వారాలా? నేనూ వస్తా. నేనూ రాస్తా. దగ్గర కూర్చోబెట్టి మీకు నేను చెప్తా.”

ఫెయిలైన రోజు కూడా ఆయన మొహం అంతగా పాలిపోయి ఉండదు.

*

చలికాలం దగ్గరికొస్తోంది. ఈసారి కూడా తప్పితే ఆ పెద్దాయన ఇక ఆగడు, ఇంట్లోవాళ్ళ కళ్ళు కప్పి ఒక్కడే పోతాడు అన్నాడు మా ఆయన. కాబట్టి పట్టుదలగా మొదలుపెట్టాను. రోజూ సాయంత్రం ఇద్దరం టీ పెట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం. నేను ఇంగ్లీషులో ప్రశ్న చదవడం, ఆయన నాలుగు జవాబుల్లో ఒకటి చెప్పడం.

రెండోరోజుకే నాకు అర్థమైంది. ఆయనకి విషయం వచ్చు. నాకంటే బాగా వచ్చు. ప్రశ్న అడిగే వంకర తీరు దగ్గరే పడిపోతున్నాడు. ‘కిందివాటిలో సురక్షితం కానిది ఏది’ అని ఉంటే, పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివి, మొదట కనపడిన సురక్షితమైనదాని మీద వేలు పెట్టేవాడు. నాలుగోరోజు సాయంత్రం అదే తప్పు మూడోసారి చేశాడు.

“కానిది అన్న ముక్క కనపడట్లేదా మీకు? మూడో తరగతి పిల్లలు చదువుతారండీ ఇది!”

ఆయన పెన్సిలు పేజీలో పెట్టి పుస్తకం మూశాడు. టీ కప్పు కడిగి బోర్లించాడు. “నువ్వు రాసిరా పో. పెద్దాయనకి కుదరదని చెప్తాలే,” అని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఆఫీసులో నేను రోజుకి పదిసార్లు ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని టైపు చేస్తాను. ఇంట్లో ఆ వాక్యం ఒక్కసారి కూడా వాడలేదు. ఆ సాయంత్రం వాడదామని పెరటి తలుపు దాకా వెళ్ళి, ఆయన కరివేపాకు మొక్కకి నీళ్ళు పోస్తుంటే చూసి, వెనక్కి వచ్చాను. ఆ మొక్కకి పొద్దున నేనే పోశాను. ఆ సంగతి చెప్పకుండా ఉండటమే నేను ఆరోజు చేయగలిగిన మంచిపని.

మర్నాడు ఆదివారం. కంచె దాటే పాఠం పుస్తకంలో బొమ్మలతో సహా ఉంది గానీ నాకు తలా తోకా అర్థం కాలేదు. రెండు కుర్చీలు పెరట్లోకి లాగి, మధ్యలో బట్టలారేసే తాడు కట్టాను. తుపాకి బదులు వాక్యూమ్ క్లీనర్ గొట్టం ఊడదీసి తెచ్చాను. వంటింటి కిటికీలోంచి ఆయన చూస్తున్నాడని తెలుసు. తెలిసే చేశానా అంటే, నేనేమీ చిన్నపిల్లని కాదు. గొట్టం భుజాన వేసుకుని తాడు దాటబోయి, చీర కాకపోయినా పైజామా చిక్కుకుని, కుర్చీతో సహా వంగిపోయాను.

పక్కింటి పంజాబీ ఆవిడ కంచె మీదుగా తొంగి చూసింది. “ఎవ్రీథింగ్ ఓకే, సిస్టర్?”

“హంటింగ్ ప్రాక్టీస్,” అన్నాను. ఆవిడ తల మాయమైంది.

కిటికీ దగ్గర ఆయన ఇక తట్టుకోలేకపోయాడు. చెప్పులేసుకుని బయటికొచ్చాడు. “యే, మూతి యాడ పెట్టావో చూసుకో. నా పొట్టకి పెట్టావు.”

“ఇది వాక్యూమ్ క్లీనరండీ.”

“ఏదైనా సరే. అటు తిప్పు.” రెండు వేళ్ళతో గొట్టాన్ని పక్కకి జరిపాడు. “ముందు గుండు తీసెయ్. తీశావా?”

“దుమ్ము తీశాను.”

“మూతి మనిషి లేని దిక్కుకి పెట్టి, కంచె కింద నుంచి అవతలకి పొడుగ్గా పండబెట్టు. ఇప్పుడు నువ్వు నాలుగడుగులు ఇటు జరిగొచ్చి దాటు. ఎందుకో చెప్పు?”

“పుస్తకంలో ఉంది కాబట్టి.”

“కాదు. ఎక్కేటప్పుడు జారావనుకో, రెండు చేతులూ నీకే కావాల. తుపాకి ఎదురుగా దాటితే దాని మూతి ముందు పడతావు. కారణం తెలిస్తే బట్టీ కొట్టే పన్లేదు.”

ఒంటరిగా దాటడం అయ్యాక ఇద్దరు కలిసి దాటడం చేశాం. ఇద్దరున్నప్పుడు ఒకళ్ళు పట్టుకుంటే ఒకళ్ళు దాటాలని పుస్తకంలో ఉంది. చక్కగా అట్లాగే చేశాం, లేదా చేశామనుకున్నాం. అందులో ఒక తప్పుంది. ఇద్దరికీ కనపడలేదు.

ఆ రోజు నుంచి చదువు పద్ధతి మారింది. ఆయన తెలుగులో నాకు పాఠం చెప్పేవాడు. ఆ మాటకి ఇంగ్లీషులో ఏ మాట వస్తుందో అది మాత్రం నేను చెప్పేదాన్ని. ప్రశ్న చదవకముందే అందులో ‘నాట్’ ఎక్కడుందో వెతికి దాని చుట్టూ సున్నా చుట్టమన్నాను. నేను నోరు అదుపులో పెట్టుకోవడం నేర్చుకున్నానని చెప్పుకోను. ఒక యాలక్కాయ బుగ్గన పెట్టుకుని కూర్చునేదాన్ని.

*

క్లాసు మెల్టన్ అనే ఊరు దాటాక పొలాల మధ్య ఒక రేకుల హాల్లో. పొద్దున ఎనిమిదింటికే చేరాం. డజను మంది ఉన్నారు, అందరూ బూట్లు, గళ్ళ చొక్కాలు. మేమిద్దరం స్వెటర్లు, స్టీలు టిఫిన్ బాక్సు. ఏదో పెళ్ళికి వచ్చి తప్పు హాల్లో దూరినట్టున్నాం.

పాఠం చెప్పేది ఏ మీసాలాయనో అనుకుంటే, డెబ్బై ఏళ్ళ బక్కపలచని ముసలావిడ వచ్చింది. చేత్తో అల్లిన కార్డిగన్, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు, థర్మాస్ ఫ్లాస్కు. బళ్ళో టీచరుగా చేసి రిటైరయ్యానని చెప్పింది. అందర్నీ ‘లవ్’ అని పిలుస్తుంది, ఎవరినీ క్షమించదు.

“మొదటి రూలు,” అంది బల్ల మీద ఖాళీ తుపాకి చూపించి. “ప్రతి తుపాకీలోనూ గుండు ఉందనే అనుకోవాలి. ఖాళీ అని ఎవరు చెప్పినా సరే. ఇంట్లో గోడకి ఉన్నా సరే. అర్థమైందా?”

మా ఆయన బల్ల మీదకి వంగి, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు: “ఇరవై నాలుగేళ్ళ అనుభవం నాకు.”

నేను బల్ల కింద ఆయన కాలు తొక్కాను. లోపల మాత్రం కొంచెం తేలికపడ్డాను. భయపడే మనిషి జోకు వేయడు.

కానీ పదకొండింటికి ఆవిడ ఒక్కొక్కరినీ నిలబెట్టి ప్రశ్నలడగడం మొదలుపెట్టేసరికి ఆ ధైర్యం పోయింది. ఆయన వంతు రాగానే, జవాబు తెలిసి కూడా, చెప్పలేకపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. నా వైపు చూశాడు, ఫారం నింపమని ఇచ్చేటప్పటి చూపు. నేను అందుకోబోయాను. ముసలావిడ నావైపు తిరక్కుండానే చెయ్యెత్తి ఆపింది. “నిన్ను అడగలేదు, లవ్.” ఆయన తల అడ్డంగా ఊపి కూర్చున్నాడు. కాగితం మీద ఆవిడ ఏదో రాసుకుంది. మధ్యాహ్నం పరీక్షలో ఈ మనిషి మళ్ళీ ఇట్లాగే బిగుసుకుపోతాడనుకున్నాను.

తర్వాత బయట గడ్డిలో చేతిపని. రెండు గుంజల మధ్య తీగలు కట్టిన కంచె. ఇద్దరిద్దరుగా దాటాలి. మా వంతు వచ్చింది. ఆయన ముందు దాటాలి, నేను పట్టుకోవాలి, ఆయన అవతల నిలబడ్డాక తుపాకి అందివ్వాలి. ఖాళీ అని చూసుకున్నాను. మూతి ఎవరూ లేని దిక్కుకి తిప్పాను. ఆయన దాటాడు. నేను తీగల మధ్య నుంచి తుపాకి అవతలకి చాపి, ఆయన పాదాల దగ్గర గడ్డిలో జాగ్రత్తగా పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆయన చేతులు కట్టుకుని నిలబడి, నేను చెయ్యి తీశాక వంగి తీసుకున్నాడు. ఇద్దరం చాలా చక్కగా చేశామనుకుని ఆవిడ వైపు చూశాం.

ముసలావిడ కళ్ళజోడు పెట్టుకుంది. “ఏమిటది?”

“అందించాను,” అన్నాను.

“అందించలేదు. నేల మీద పెట్టావు. మళ్ళీ చెయ్.”

మళ్ళీ చేశాం. మళ్ళీ నా చేతులు వాటంతట అవే కిందకి వెళ్ళాయి. ఆయన చేతులు వాటంతట అవే వెనక్కి వెళ్ళాయి. పెరట్లో కూడా వాక్యూమ్ గొట్టాన్ని ఇట్లాగే ఇచ్చిపుచ్చుకున్నామని అప్పుడు వెలిగింది నాకు. నలుగురైదుగురు చుట్టూ చేరారు. ఇక చెప్పక తప్పలేదు. మా ఇళ్ళల్లో ఉప్పు, మిరపకాయలు, సూదులు, కత్తులు చేతికివ్వరు, కింద పెడతారు, చేతికిస్తే ఇద్దరికీ గొడవలవుతాయని నమ్మకం అని చెప్పాను. ఆఫీసు ఇంగ్లీషులో, ఫిర్యాదుకి జవాబు రాస్తున్నట్టు చెప్పాను.

ఆవిడ నన్ను వదిలేసి ఆయన్ని అడిగింది. “ఎన్నేళ్ళయింది మీ పెళ్ళయి?”

“ట్వెంటీ ఫోర్,” అన్నాడు.

“మరి ఫలితం ఉందా? గొడవలు తగ్గాయా?”

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. నిజాయితీగా ఆలోచించాడు, పాపం. “నో, మ్యాడమ్,” అన్నాడు అందరికీ వినపడేలా. “నాట్ వన్ డే. బట్ సాల్ట్ ఈజ్ సేఫ్.”

గడ్డిలో ఉన్నవాళ్ళందరూ గొల్లుమన్నారు. గళ్ళ చొక్కా ఒకాయన వచ్చి ఆయన వీపు చరిచాడు. ఇంగ్లీషులో ఆయన మాటకి జనం నవ్వడం నేను చూడటం జీవితంలో రెండోసారి. మొదటిసారి నవ్వించింది నేను. అప్పుడు ఆయన్ని చూసి నవ్వారు. ఇప్పుడు ఆయన నవ్వించాడు. ఆ తేడా ఆయన మొహంలో కనపడుతోంది. చెవులు ఎర్రగానే ఉన్నాయి గానీ అది వేరే ఎరుపు.

ముసలావిడ కూడా నవ్వి, వెంటనే ఆపేసింది. “ఒంటరిగా ఉంటే నేల మీద పెట్టు, వేరే దారి లేదు. ఇద్దరున్నప్పుడు తుపాకి ఎప్పుడూ ఎవరో ఒకరి చేతిలో ఉండాలి. ఇచ్చేవాళ్ళు వదలకూడదు, పుచ్చుకునేవాళ్ళు గట్టిగా పట్టుకుని, ‘అందింది’ అని నోటితో చెప్పేదాకా. చెప్పాకే వదలాలి. మళ్ళీ.”

మూడోసారి. నేను తీగల మీదుగా చాపాను. ఆయన రెండు చేతులూ ముందుకి తెచ్చాడు. అట్టపెట్టెలు మోసి మోసి వేళ్ళ చివర్లు పగిలి ఉన్నాయి. కీళ్ళ దగ్గర పొడి చర్మం తెల్లగా లేచింది. రోజూ చూసే చేతులే. ఆయన పట్టుకున్నాడు. నా వేళ్ళ మీదుగా ఆయన వేళ్ళు వచ్చాయి. ఇనుము చల్లగా ఉంది, చేతులు వెచ్చగా ఉన్నాయి.

“ఐ హావ్ ఇట్,” అన్నాడు.

నేను వదల్లేదు. ఎందుకో తెలియదు. ఎన్ని ఫారాలు, ఎన్ని ఫోన్లు, ఎన్ని మాటలు ఆయన చేతుల్లోంచి నేనే లాక్కుని చేసేశాను. అందిందా అని ఒక్కసారి అడగలేదు, అందింది అని చెప్పే వ్యవధి ఇవ్వలేదు.

“అందిందే,” అన్నాడు ఈసారి తెలుగులో, మెల్లగా. “వదులు.”

“వదలాలి, లవ్,” అంది ముసలావిడ కూడా, అంత మెల్లగానూ.

వదిలాను.

*

మధ్యాహ్నం అందరూ బయట కాల్చిన సాసేజీలు తింటుంటే మేం పులిహోర విప్పాం. ముసలావిడ తన థర్మాస్ మూతలో కొంచెం పెట్టించుకుని తిని, ఇందులో ఆవాలు నాకు నచ్చాయంది.

తర్వాత రాతపరీక్ష. ఇరవై నిమిషాల్లో రాసేసి అందరికంటే ముందు లేచాను. బయటికి నడుస్తూ ఆయన కాగితం వైపు చూడకుండా ఉండటానికి నేను పడిన యాతన ఆ దేవుడికే తెలుసు. ఒక్కటి మాత్రం కంట పడింది. కాగితం నిండా చిన్న చిన్న సున్నాలు, ‘నాట్’ ఉన్నచోటల్లా. ఆయన అందరికంటే ఆఖర్న, ముసలావిడ గడియారం చూసుకుంటుండగా లేచాడు.

ఒక్కొక్కరినీ బల్ల దగ్గరికి పిలిచింది. ఆయన వెళ్ళాడు. ఆవిడ లేచి నిలబడి చెయ్యి కలిపింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఆయన ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపుతూనే ఉన్నాడు, వదలమని ఆవిడ చెప్పేదాకా.

తర్వాత నన్ను పిలిచింది. నా కాగితం మీద ఎర్ర గీతలు.

“లవ్, నీకు విషయం వచ్చు. కానీ ఇదేంటి?” ఒక ప్రశ్న చూపించింది. తుపాకి ఖాళీగా ఉందని స్నేహితుడు చెప్పాడు, నువ్వేం చేస్తావు అని. నాలుగు జవాబుల్లో ఒక్కదాని మీదా గీత పెట్టలేదు నేను. పక్కన రాశాను: ‘స్నేహితుడు నా ఎదురుగా తనిఖీ చేసి ఉంటే మళ్ళీ చూడటం అతన్ని అవమానించడమే, కాబట్టి ఇది సందర్భాన్ని బట్టి ఉంటుంది.’ అలాంటివి ఇంకో అయిదు ప్రశ్నల పక్కన రాశాను. మా ఆఫీసులో ఏ ఫిర్యాదుకైనా మొదటి జవాబు అదే. సందర్భాన్ని బట్టి ఉంటుంది.

“ఇందులో సందర్భం లేదు,” అంది ఆవిడ. “ఎప్పుడూ నువ్వే చూసుకోవాలి. ఎప్పుడూ. మళ్ళీ రాయి.”

కారెక్కాం. నా కాగితం ఆయనకి ఇచ్చాను, చేతికే. చదివాడు. మడిచి డాష్‌బోర్డు మీద పెట్టి, కారు స్టార్ట్ చేశాడు. హైవే ఎక్కాం. పక్కనుంచి చూస్తే దవడ బిగించి, ముందున్న లారీని తదేకంగా చూస్తూ నడుపుతున్నాడు.

“నవ్వండి,” అన్నాను.

“యే, ఎందుకు నవ్వుతా?”

“ఎందుకేంటి? ఎం.ఏ. చదివింది ఫెయిలైంది. మీరు పాసయ్యారు.”

“ఎట్టుంటదో నాకు తెలుసు గదా,” అన్నాడు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

ఆ మాటకి ఆఫీసులో టైపు చేసే వాక్యం బయటికొచ్చింది గానీ తెలుగులో వచ్చింది, అందులో సగమే వచ్చింది. “ఆ చీటీ చదివి ఉండకూడదు నేను. మా చెల్లెళ్ళ ముందు.”

ఏ చీటీ అని ఆయన అడగలేదు. “నవ్వొచ్చా మరి?” అన్నాడు.

“ఆ.”

“కోప్పడవు గదా?”

“చెప్పానుగా, నవ్వండి!”

అప్పుడు నవ్వాడు. మొదట ముక్కుతో, తర్వాత భుజాలతో. “సందర్భాన్ని బట్టా?” అంటూ మళ్ళీ మొదలు. కళ్ళల్లో నీళ్ళొచ్చి రోడ్డు కనపడక ఒక పెట్రోలు బంకు దగ్గర కారు పక్కకి తీసి ఆపాడు. స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వాడు. నన్ను చూసి ఒకరు అంతసేపు నవ్వితే నేను ఊరుకోవడం అదే మొదలు. ఊరుకోవడమే కాదు, కాసేపటికి నేనూ మొదలుపెట్టాను.

ఆ సాయంత్రం పప్పులో ఉప్పు మళ్ళీ తక్కువైంది. డబ్బా బల్ల మీద పెట్టబోయాను. ఆయన చెయ్యి చాపి ఉంది.

“గొడవలవుతాయండీ.”

“కానీయ్. అందింది,” అన్నాడు.

మర్నాడు పొద్దున చెత్తడబ్బాలు బయట పెట్టడం దగ్గర పెద్ద గొడవే అయింది. అయినా దానికీ ఉప్పుకీ సంబంధం లేదు.

*

ఇక్కడి నడి చలికాలం, జూలైలో, ఆ పెద్దాయనతో కొండలకి వెళ్ళొచ్చాడు. మోకాళ్ళ దాకా బురద, పంటికి తగలాలన్నా ఒక్క ముక్క మాంసం లేదు. కణితి కనపడలేదట, వినపడిందట. పొగమంచులో ఎక్కడో కాలు టపటపా కొట్టి, భోంక్ మని ఒక్క అరుపు. పెద్దాయన తుపాకి ఎత్తలేదట. మా ఆయన మొహం చూసి, భుజం మీద చెయ్యేసి, ఇద్దరూ అక్కడే నిలబడిపోయారట. వంటింట్లో నిలబడి ఆ అరుపు అరిచి వినిపించాడు. “నాన్నా, ప్లీజ్, నైబర్స్!” అంది అమ్మాయి.

“నువ్వూ రారాదా ఈసారి?” అన్నాడు నాతో. “మూడు కంచెలున్నాయి. నాకూ ఒకరు అందియ్యాల గదా.”

వచ్చే శనివారం నాకు మళ్ళీ పరీక్ష. పుస్తకం ఇప్పుడు బియ్యం డబ్బాలో లేదు, వంటింటి బల్ల మీదే ఉంటోంది. నిన్న సాయంత్రం ఆయన షిఫ్టుకి వెళ్ళాక తెరిచాను. స్నేహితుడు ఖాళీ అని చెప్పిన తుపాకి పాఠం దగ్గర కొత్త పెన్సిలు రాత. అవే గుండ్రటి అక్షరాలు, తలకట్లు శ్రద్ధగా పెట్టినవి.

‘ఇక్కడ వాదించొద్దు. ఎప్పుడూ నువ్వే చూసుకోవాల.’

దాని కింద, చిన్నగా, ‘తప్పినా నవ్వను. అడిగితేనే నవ్వుతా.’